గ్రేస్ గిటారుకు నాలుగో చెవి

మా మరదలు గ్రేస్ పేరెత్తితే నస్పూర్‌లో ఆడవాళ్ళకు జాకెట్లు గుర్తొస్తాయి, చర్చికి వచ్చేవాళ్ళకు గిటారు గుర్తొస్తుంది. ఆమె మా తమ్ముడు వెస్లీ భార్య. గల్లీ చివరి ఇంట్లో, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చుంటుంది. చంకల దగ్గర పట్టేసిందని ఆమె కుట్టిన జాకెట్టు వెనక్కి తెచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆదివారం మాత్రం మిషను మీద గుడ్డ కప్పి, తెల్లచీర కట్టుకుని, తన ఎత్తులో సగానికి మించిన బేస్ గిటారు భుజాన వేసుకుని బయలుదేరుతుంది.

నేను చదివింది నాలుగో తరగతి దాకే. అయినా ఆమె గురించి రాయాల్సింది నేనే. మిగతావాళ్ళు చెప్పేదాంట్లో సగం అబద్ధం, మిగిలిన సగం నేను వాళ్ళకు చెప్పిందే.

బేస్ గిటారు చూడనివాళ్ళ కోసం ఒక మాట. మామూలు గిటారుకు ఆరు సన్న తీగలుంటే దీనికి నాలుగే, అన్నీ లావువి. ఇది పాట పాడదు, పాట కింద నడుస్తుంది. నడుస్తున్నంతసేపు ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం కునుకు తీస్తున్న ముసలివాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. పైన తల దగ్గర తీగలు బిగించే బిరడలు నాలుగుంటాయి. పిల్లల చెవి మెలేసినట్టు మెలేయాలి కాబట్టి మా ఇంట్లో వాటిని చెవులంటాం.

ఈ గిటారు మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు సామ్యేలు, బహ్రెయిన్ నుంచి తెచ్చాడు. అక్కడ ఆయన వైరింగు పని చేసేవాడు. ఏదో హోటల్లో వాయించేవాళ్ళు ఆ దేశం విడిచిపోతూ సామాన్లు అమ్ముకుంటే కొన్నాడు. జపాన్‌లో తయారైంది. అప్పటికే పాతది. తల మీద పేరు చెరిగిపోయి రెండక్షరాలు మిగిలాయి, అవీ ఎవరికీ అర్థం కావు. చిన్నబాపుకు వాయించడం రాలేదు. వెస్లీకి వచ్చింది.

వెస్లీ బొగ్గుబాయిలో టబ్బుల దగ్గర పనిచేసేవాడు. బొగ్గు నింపే ఆ ఇనుప బండ్లను ఒకదానికొకటి కలపాలంటే మధ్యలో పిన్ను వేయాలి. ఒకరోజు షిఫ్టు దిగే తొందరలో సరైన పిన్ను చేతికందలేదు. పక్కన పడి ఉన్న సన్న పిన్ను తీసుకుని, దాని చుట్టూ గోనెపట్టా ముక్క చుట్టి, సుత్తితో దిగగొట్టాడు. ఎవరూ చెయ్యమనలేదు, తనే చేశాడు. ఎత్తు ఎక్కేటప్పుడు పిన్ను ఎగిరిపోయి టబ్బు వెనక్కి దొర్లింది. ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా బాయి పైన ల్యాంపు రూంలో దీపాలు ఇచ్చి పుచ్చుకునే పని చేశాడు. బతుకు గడిచింది. కానీ గిటారు తీగలు అదమాల్సింది ఎడమచెయ్యే.

గిటారు చాలాకాలం గోడకు వేలాడింది. ఒకరోజు నేను వాళ్ళింటికి పోయేసరికి గ్రేస్ మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. వెస్లీ ఎదురుగా పీట మీద కూర్చుని మడమతో నేలను కొడుతూ తాళం వేస్తున్నాడు.

"ఏందే, పసిపోరన్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నవ్?" అన్నాను.

"ఏడుస్తలేదు గద వదినె, నీకేం ఇబ్బంది?" అంది.

లక్షెట్టిపేట పక్క పల్లెలో పుట్టి, కలుపు తీస్తూ పెరిగిన పిల్ల. పెళ్ళయి వచ్చిన కొత్తలో నా ముందు నోరెత్తేది కాదు. గిటారు పట్టాకే నాకు ఎదురు చెప్పడం నేర్చుకుంది.

మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. వాయించేవాళ్ళందరూ మగవాళ్ళ వైపే. గ్రేస్ ఎక్కడ కూర్చోవాలని పెద్ద పంచాయితీ అయింది. చివరికి ఆమెకు మా చాపల ముందు ఒక స్టూలు వేశారు, స్పీకరు డబ్బా మగవాళ్ళ వైపు పెట్టారు. మధ్యదారికి అడ్డంగా నల్లవైరు పరిచారు. కానుకల సంచి పట్టుకుని నడిచే మగవాళ్ళు అప్పటినుంచి ఆ వైరు దాటుకుంటూ తిరుగుతున్నారు. పాము కనపడ్డట్టు ప్యాంటు ఎత్తిపట్టుకుని దాటేది జీవరత్నం ఒక్కడే. ఆయన కమిటీ సెక్రటరీ. కీబోర్డు వాయించే సాయిచంద్ ఆయన కొడుకు.

వానాకాలం తొలిపంట ఇంటికొచ్చాక మేం పంట పండుగ చేసుకుంటాం. ఎవరి చేలో పండింది వాళ్ళు గంపల్లో తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. మొదటి గంప సంఘంలో అందరికంటే పెద్ద ఆడమనిషి మోయాలి. ఆ పెద్ద ఆడమనిషిని నేను. ముందు నా గంప, వెనక సంఘం, పాట నడుస్తుంటే దానితో పాటు మేం నడుస్తాం.

ఒక యేడు ఆ పండుగకు ముందటి ఆదివారం, రెండో పాట మధ్యలో, గ్రేస్ గిటారు బర్రుమంది. లావుతీగ ఉన్నట్టుండి వదులైపోయి చెక్కకు కొట్టుకుంది. గ్రేస్ చెవి మెలేసింది. బిగిసినట్టే బిగిసి మళ్ళీ జారింది. మళ్ళీ మెలేసింది, మళ్ళీ జారింది. చాపల మీదివాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తీగ మీద అరచెయ్యి పెట్టి మోత ఆపి, తల వంచుకుని కూర్చుంది.

ప్రార్థన అయ్యాక జీవరత్నం నా దగ్గరికి వచ్చాడు. గ్రేస్‌తో చెప్పాల్సింది నాతో చెప్తాడు, అదొక మర్యాద ఆయనకు.

"ఎలీసబెతక్కా, పండుగకు పైనుంచి పెద్దలు వస్తున్నరు. బెల్లంపల్లోళ్ళు, మంచిర్యాలోళ్ళు వస్తరు. గా దినం గిట్ల బర్రె అరిసినట్టు అరిస్తే ఎవరి ఇజ్జత్ పోతది?"

"నువ్వు ప్రార్థన చేసినా గట్లనే ఉంటది. ఎవరన్న ఏమన్నరా?"

"నవ్వులాట కాదక్కా. శనివారం ప్రాక్టీసుకు మంచిగుంటే వాయించుకోమను. లేకుంటే మా సాయిచంద్ కీబోర్డు మీద ఎడమచేత్తోనే గా మోత తీస్తడు. ఇగ గీ వైరు కూడ తీసేద్దాం. ఎన్నేండ్లు దాటుతం?"

గ్రేస్ పక్కనే ఉంది. వైరు చుట్టుకుంటోంది. చుట్టడం ఆపలేదు, తల ఎత్తలేదు. ఆ వైరు ఒక్క ఆదివారం వేయకపోతే మళ్ళీ వేయనివ్వరని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మా చర్చిలో ఏదైనా పోయిందంటే దాని జాగాలో మరుసటి వారానికి ఒక ప్లాస్టిక్ పూలకుండీ వస్తుంది.

ఇంటికి రాగానే వెస్లీ చెవి విప్పాడు. లోపల చిన్న చక్రం, దానికి రంపానికున్నట్టు పండ్లు. వేలితో తడిమి చూశాడు.

"పండ్లు అరిగినయ్ అక్కా. బిగిస్తే పట్టుకుంటలేదు, జారుతున్నది."

"మిగతా మూడు తీగలతోని నడవదా?"

"మూడు గోడలతోని ఇల్లు నడుస్తదా వదినె?" అంది గ్రేస్.

మంచిర్యాలలో దొరకలేదు. మామూలు గిటారు చెవులున్నాయి, వాటి సందులో లావుతీగ దూరదు. కరీంనగర్‌లో హార్మోనియంలు, గిటార్లు బాగుచేసే శ్యాంసుందర్ అనే ఆయన ఉన్నాడన్నారు. ముగ్గురం బస్సెక్కాం. గిటారు తల నా ఒళ్ళో, ఒళ్ళు గ్రేస్ ఒళ్ళో పెట్టుకుని పోయాం.

శ్యాంసుందర్ దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. తీగలు లేని గిటార్లు, బొక్కలు పడ్డ డోళ్ళు. పాత చెవులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పోసి పెట్టుకున్నాడు. ఒక్కొక్కటే తీసి పెట్టి చూశాడు. మొదటిదాని కాడ లావైంది, తూటులో దిగలేదు. రెండోది దిగింది కానీ దాని రేకు వెడల్పు, పక్క చెవి మీదికి ఎక్కింది. ఇంకోటి అన్ని తీర్లా సరిపోయిందనుకుని గ్రేస్ ఊపిరి వదిలేలోపే, అది వెనకకు తిరిగేదని తేలింది. బిగిద్దామని తిప్పితే వదులవుతుంది. చివరిది సన్నం, తూటులో గలగలలాడింది.

"కాయితం చుట్టి బిగిస్తె పట్టుకుంటది," అన్నాడు శ్యాంసుందర్.

వెస్లీ ఆ సన్న చెవిని తీసి డబ్బాలో పడేశాడు. "వద్దు. నేను గోనెపట్టా చుట్టిన ఒకసారి," అన్నాడు.

శ్యాంసుందర్‌కు అది అర్థం కాలేదు. మాకు అయింది.

"అట్లయితే ఒకటే దారి. కొత్త చెవి ఏస్త. తూటు జర పెద్దగ జేస్తె అయిపాయె. చాయ తాగేలోపల చేతికిస్త."

"చెయ్యన్నా," అంది గ్రేస్.

"వద్దు. ఉన్న తూటుల దిగేదే గావాలె," అన్నాడు వెస్లీ.

"శనివారం లోపల ఇంకేడ దొరుకుతది? చెయ్యన్నా నువ్వు."

శ్యాంసుందర్ డ్రిల్లు మిషను తీశాడు. స్విచ్చు వేశాడు. అది గుయ్యిమంటూ గిటారు తల దగ్గరికి వచ్చింది. వెస్లీ తన ఎడమచెయ్యి తీసి ఆ తల మీద అడ్డంగా పెట్టాడు. మూడు వేళ్ళూ ఆనించి, కదలకుండా.

"చెయ్యి తియ్యన్నా. ఇప్పటికే రెండు తక్కువున్నయ్," అన్నాడు శ్యాంసుందర్. అన్నాక నాలుక కరుచుకుని స్విచ్చు ఆపేశాడు.

గ్రేస్ గిటారును తన వైపు లాక్కుంది, వెస్లీ చెయ్యి దాని మీదనుంచి జారిపోయింది.

శ్యాంసుందర్‌కే బాధనిపించినట్టుంది. గిటారును వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "దీని జోడు ఒకటి నా చేతిల పడ్డది తెలుసా," అన్నాడు. "బెల్లంపల్లి రాయమల్లు అని, పెండ్లిండ్ల ఆర్కెస్ట్రాల వాయించేది. బరాబర్ ఇదే. గల్ఫ్‌కెల్లి తెచ్చుకున్నడట. నేనే తీగలు మార్చిన. కని ఆయన పోయిన యేడు పోయిండు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. బహ్రెయిన్‌లో మా చిన్నబాపు గదిలోనే ఉండేవాడు ఆ రాయమల్లు. ఆ హోటలువాళ్ళ సామాన్లలో ఒకే తీరువి రెండుంటే చెరొకటి కొన్నారు. ఆయన తనది ఎప్పుడో అమ్ముకుని ఉంటాడనుకున్నాం.

"బెల్లంపల్లి పోదాం," అంది గ్రేస్.

"చచ్చిపోయినోని వస్తువు మీద చెయ్యేస్తవా? నేను రాను," అన్నాడు వెస్లీ.

తిరుగు బస్సులో నేను మధ్యలో కూర్చున్నాను. పెద్దపల్లి దాటేదాకా ఇద్దరూ కిటికీ బయటికే చూశారు. ఆ తర్వాత గ్రేస్ నా మీదుగా మాట్లాడింది.

"నీ వేళ్ళు పోయినయని నా వేళ్ళు కూడ కట్టేస్తవా?"

వెస్లీ ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నేను బస్సు టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాను.

వారం మధ్యలో నేనూ గ్రేసూ బెల్లంపల్లి బస్సెక్కాం. పాత చెవి ఒక రుమాల్లో, వెస్లీ స్క్రూడ్రైవరు ఇంకో రుమాల్లో. బస్సులో అందరి చేతుల్లో కూరగాయల సంచులు, విస్తరాకుల కట్టలు. ఎవరిదో పెళ్ళనుకున్నాను. అమావాస్యలు మేం లెక్కపెట్టుకోం, దానివల్లే పొరపాటు జరిగింది. రాయమల్లు భార్య లింగవ్వ ఇంటి గడప ముందు నిలబడ్డాక అర్థమైంది. ఆ రోజు పెత్రమాస. చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చి, వండి పెట్టే రోజు.

ముందుగదిలో గోడకు రాయమల్లు ఫోటో ఉంది. ఫోటో కింద పీట, పీట మీద మా గిటారే. కాదు, దాని జోడు. నాలుగు చెవులకూ పసుపు, కుంకుమ బొట్లు. మెడకు బంతిపూల దండ. ముందర విస్తరిలో అన్నం, గారెలు, మాంసం కూర, పచ్చిపులుసు.

గ్రేస్ గడపలోనే ఆగిపోయి ఆ చెవులను చూసింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

లింగవ్వ నా ఈడుదే. మేం ఎవరమో, ఎందుకొచ్చామో అంతా విన్నది. సామ్యేలుకు అన్న బిడ్డ, కోడలు అనగానే ఆమె ముఖం కొంచెం విచ్చుకుంది. చెవి మాట వచ్చేసరికి మళ్ళీ ముడుచుకుంది.

"ముందుగాల కాళ్ళు కడుక్కొని కూసోండ్రి. గీ దినం ఇంటికొచ్చినోళ్ళు తినకుంట పోతే మా ఆయన అలుగుతడు."

"మేం తినమక్కా. పెద్దలకు పెట్టింది మా దాంట్ల తినరు," అన్నాను.

"మీ దాంట్ల తినరు."

"తినరు."

"ఆయన అన్నం వద్దు. ఆయన గిటారు చెవి మాత్రం గావాలె. మస్తున్నది చెల్లె మీ దాంట్ల."

ఆమె అన్నది నిజమే. అయినా నేను తగ్గే మనిషిని కాను.

"అలిగేది మీ ఆయన కాదు, నువ్వు," అన్నాను.

"నేనే అలుగుత. ఆయన బతికున్నప్పుడు గూడ ఆయన తరఫున నేనే అలిగేది. పోయి రాండ్రి."

లేచి తలుపు రెక్క మీద చెయ్యి వేసింది. అప్పుడు గ్రేస్ నా చేతిలోంచి మోచెయ్యి విడిపించుకుంది.

"అవ్వా, నీళ్ళెక్కడున్నయ్?" అంది.

"గ్రేసూ," అన్నాను.

"వదినె, నువ్వు అరుగు మీద కూసో. నేను తిని వస్త."

నేను అరుగు మీద కూర్చున్నాను. లోపల విస్తరి పరిచిన చప్పుడు, గరిటె చప్పుడు. గ్రేస్ పీట ముందు మఠం వేసుకుని, ఆ గిటారుకు ఎదురుగా, ముద్ద కలిపి తింటోంది. లింగవ్వ పక్కన కూర్చుని విసురుతోంది. ఏం చెప్పుకుంటున్నారో వినపడలేదు. మధ్యలో ఇద్దరూ నవ్వారు. నేను అరుగు మీదనుంచి గట్టిగా దగ్గాను.

అప్పుడే పక్కింటి గేటు తెరుచుకుంది. గిన్నె చేతిలో పట్టుకుని వచ్చింది కోమల. జీవరత్నం తమ్ముడి భార్య. ఆమె బెల్లంపల్లిలో ఉంటుందని తెలుసు, ఆ గోడ పక్కనే అని తెలియదు.

"వందనాలు పెద్దమ్మా," అంది. లోపలికి తొంగి చూసింది. విస్తరి చూసింది, ఫోటో చూసింది, గ్రేస్‌ను చూసింది. గిన్నె అట్లానే వెనక్కి పట్టుకుపోయింది. సాయంత్రానికి ఈ సంగతి నస్పూర్‌లో ఉంటుందని నాకు అర్థమైంది. చెవి దొరికినా గ్రేస్ స్టూలు పోయేట్టుంది.

గ్రేస్ చెయ్యి కడుక్కుని వచ్చాక లింగవ్వ పీట దగ్గర కూర్చుని గిటారును ఒళ్ళోకి తీసుకుంది. "తియ్యి," అంది. గ్రేస్ స్క్రూలు విప్పుతుంటే కళ్ళు పక్కకు తిప్పుకుంది. చెవి ఊడి చేతికొచ్చింది. దాని జాగాలో తూటు నల్లగా మిగిలింది.

"నాలుగుండాలె," అంది లింగవ్వ. "మూడు చెవులతోని ఆయన ముందర పెట్టలేను. మీది గీడ పెట్టిపోండ్రి."

"మాది పనిచెయ్యదవ్వా. బిగవది."

"ఎవరు బిగిస్తరు? చూడనీకుంటె చాలు."

గ్రేస్ రుమాలు విప్పి మా అరిగిన చెవిని ఆ తూటులో పెట్టింది. నేను కూడా అరుగు దిగి గడపలోకి వచ్చి చూశాను. అది ఎక్కడా తట్టకుండా దిగింది. రేకు పక్కదానికి ఆనకుండా కూర్చుంది. స్క్రూలు పాత రంధ్రాల్లోకే తిరిగాయి. గ్రేస్ నా వైపు చూసింది. మాది అక్కడ సరిపోతే అక్కడిది మాకు సరిపోతుంది. ఇద్దరం పైకి అనలేదు. లింగవ్వ కుంకుమ తెచ్చి మా చెవికి బొట్టు పెట్టింది.

ఇంటికొచ్చాక నేను కిరసనాయిలు గుడ్డతో ఆ చెవి తుడిచాను. చక్రం పండ్ల మధ్య ఇరుక్కున్న పసుపు మాత్రం పోలేదు. వెస్లీ రాత్రి అన్నం తిని పడుకున్నాడు. తెల్లారాక మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. చెవిని తూటులో నిలబెట్టి చెయ్యి తీసేశాడు. అది దాని బరువుకే లోపలికి దిగింది. నొక్కలేదు, కొట్టలేదు. ఆ తర్వాతే స్క్రూలు బిగించి, తీగ చుట్టి, చెవి మెలేశాడు. గిటారు తలను అల్మారీకి ఆనించి, అల్మారీ తలుపు మీద తన చెవి పెట్టుకుని తీగ మీటాడు. కరెంటు లేనప్పుడు వాళ్ళు అట్లాగే వింటారు. అల్మారీలో గిన్నెలన్నీ గుమ్మన్నాయి.

"మొత్తం బిగించి ఉంచుత. రేపటిదాంక జారకుంటే అది నిలవడ్డట్టే," అన్నాడు. గ్రేస్‌తో బస్సు తర్వాత ఆడిన మొదటి మాట అది.

ఆ రోజంతా గ్రేస్ మిషను తొక్కుతూ ప్రతి జాకెట్టుకూ లేచి వచ్చి తీగ మీటి చూసింది. మర్నాడు కూడా శ్రుతి కదల్లేదు.

శనివారం ప్రాక్టీసుకు మామూలుగా పాడేవాళ్ళే వస్తారు. ఆ రోజు చాపలు సగానికి పైగా నిండి ఉన్నాయి. కోమల తన పని తాను చేసిందన్నమాట. అయ్యగారు ముందు కుర్చీలో ఉన్నాడు. కొత్తగా వచ్చిన పాస్టరు, చిన్న వయసు, ఏం మాట్లాడాలన్నా జీవరత్నం ముఖం చూస్తాడు.

గ్రేస్ స్టూలు మీద కూర్చుని వైరు గుచ్చబోయింది. జీవరత్నం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"చెవి దొరికిందట గద గ్రేసమ్మా. ఎక్కడ?"

"బెల్లంపల్లిల."

"ఏ దినం పోయిర్రు?"

"పెత్రమాస నాడు."

ఆయన వంగి గిటారు తల దగ్గర కళ్ళు పెట్టాడు. బొటనవేలితో చక్రం మీద రుద్ది, ఆ వేలు అయ్యగారికి చూపించాడు. పచ్చగా ఉంది.

"తిన్నరట గద అక్కడ," అన్నాడు.

"తిన్న," అంది గ్రేస్.

"అంత ఆకలైందా?"

"ఆకలి కాదు. ఆమె పెట్టింది, తిన్న."

"అయ్యగారూ, గిది కమిటీల పెట్టాలె. పెద్దలకు పెట్టిన కూడు తిన్నోళ్ళను ప్రభువు ముందర ఎట్ల కూసోబెడతం? తీర్మానం అయ్యేదాంక గ్రేసమ్మ పక్కకు కూసోవాలె."

అని కింద పడి ఉన్న వైరు కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. కీబోర్డు దగ్గర సాయిచంద్ తల వంచుకున్నాడు. వెస్లీ మగవాళ్ళ చాపల్లోంచి లేవబోయి, ఏం చెప్పాలో తెలియక సగం లేచినవాడు అట్లానే ఉండిపోయాడు. గ్రేస్ గిటారు ఒళ్ళోంచి దించుతోంది.

నేను లేచాను. నా మోకాళ్ళ చప్పుడు అందరికీ వినపడింది.

"జీవరత్నం, నీ మరదలు సగమే చెప్పినట్టున్నది. నేనూ తిన్న."

ఆయన చుట్టడం ఆపాడు. "నువ్వు అరుగు మీద కూసున్నవట గదక్కా."

"కోమల వచ్చేటప్పటికి నా ఇస్తరు ఎత్తేసిన. గారెలు రెండుసార్లు ఏయించుకున్న. గ్రేసు పక్కకు కూసుంటే నేనూ కూసుంట. పండుగనాడు మొదటి గంప ఎవరు మోస్తరో ఇప్పుడే చూసుకోండ్రి. నా తర్వాత పెద్దది మీ అక్కనే. ఆమెకు గంప మోసుడు చాతకాదు, గంపల కూసోబెట్టి మీరే మోయాలె."

వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జీవరత్నం అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు మొదటిసారి జీవరత్నం వైపు చూడలేదు. నా వైపు చూశాడు, పైనుంచి వచ్చే పెద్దలను, ఖాళీగా ఉండే గంపను తలుచుకున్నాడేమో, గొంతు సవరించుకున్నాడు.

"వైరు అట్లనే ఉండనియ్యన్నా. టైం అయితున్నది, పాట మొదలువెడదాం."

గ్రేస్ నన్ను చూసింది. వైరు గుచ్చింది. సాయిచంద్ మీటలు నొక్కాడు, తర్వాత ఆమె లావుతీగ మీటింది. ఆ మోత చాపల కింద నేలలోంచి నా అరికాళ్ళకు వచ్చింది. నేను పాడలేదు. పాటలన్నీ అయ్యేదాకా ఆ నాలుగో చెవి మీదనుంచి కన్ను తీయలేదు. జారలేదు.

ఇంటికి పోతుంటే దారిలో గ్రేస్ అంది, "వదినె, చర్చిల అబద్ధమాడినవ్."

"అబద్ధమెట్లయితది? తినబోయే సంగతి జర ముందుగాల చెప్పిన. గంతే."

వెస్లీ ముందు నడుస్తున్నాడు, గిటారు తనే మోస్తూ. భుజాలు ఊగడం చూస్తే నవ్వుతున్నట్టే ఉంది.

పండుగ జరిగింది. మక్కకంకుల గంప నేనే మోశాను. నడుస్తున్నంతసేపు గ్రేస్ తీగ నా వెనకే వచ్చింది. జీవరత్నం ప్యాంటు ఎత్తిపట్టుకుని వైరు దాటాడు.

చర్చిలో తిన్నానన్న మాటను అట్లా అబద్ధంగా వదిలేయడం నాకు నచ్చలేదు. మరుసటి యేడు పెత్రమాస ఎప్పుడో గ్రేస్‌తో అడిగించి తెలుసుకుని, ముగ్గురం బెల్లంపల్లి పోయాం. పీట మీద గిటారు ఉంది, మా అరిగిన చెవికీ బొట్టు ఉంది. వెస్లీ దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. లింగవ్వ నా ముందు విస్తరి పరిచి, గారెలు వేసింది. పక్కింటి గేటు తెరిచే ఉంది. కోమల చూడాలనే నేను వాకిలికి ఎదురుగా కూర్చుని తిన్నాను.

"ఉప్పు తక్కువైందక్కా," అన్నాను.

"ఆయనకు బీపీ ఉండె. గందుకే తక్కువేసిన," అంది లింగవ్వ.

"నాకు లేదు. ఉప్పు పట్టుకురా," అన్నాను.